రిసార్టులోకి కుక్కను రానివ్వాలా? ఒక మేనేజరు ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా రిసార్టులో 24 గదులున్నాయి. రెండు వరుసల కాటేజీలు, ఒక రెండంతస్తుల బ్లాకు, మధ్యలో పచ్చిక, స్విమ్మింగ్ పూల్, ఒక రెస్టారెంటు. కుక్కను తెచ్చుకోవచ్చా అని అడిగే ఫోన్లు బాగా పెరిగాయి. గేటు దగ్గర ‘పెంపుడు జంతువులకు అనుమతి లేదు’ అనే బోర్డు ఉంది. కానీ తెలిసినవాళ్లు అడిగితే కాదనలేక ఇస్తున్నాం. ఆ మధ్య అలా ఇచ్చిన గదిలో మర్నాడు దిగిన కుటుంబంలో పాపకు రాత్రి పిల్లికూతలు మొదలయ్యాయి. అర్ధరాత్రి గది మార్చాల్సి వచ్చింది. ఇక పూర్తిగా ఆపేద్దామని ఓనరుగారు, బుకింగులు పోతాయని మార్కెటింగ్ వాళ్లు పట్టుబడుతున్నారు. అనుమతించాలా వద్దా? అనుమతిస్తే ఏ జంతువుల్ని, ఏ షరతుల మీద, ఎంత ఛార్జీతో?
— ఒక రిసార్టు మేనేజరు

సమాధానం:

అనుమతించండి. అయితే రిసార్టు మొత్తానికి కాదు, నాలుగు గదులకు. ఆ నాలుగూ ఎప్పటికీ అవే ఉండాలి. మిగిలిన ఇరవైలోకి పొరపాటున కూడా జంతువు అడుగు పెట్టకూడదు. ఈ రెండో మాట నిలబెట్టుకోగలమనుకుంటేనే మొదటిదానికి దిగండి. నిలబెట్టుకోలేమనిపిస్తే మీ ఓనరుగారు చెప్పిందే సరైనది.

ఇప్పుడు మీరు చేస్తున్నది మాత్రం ఈ రెండింటికంటే చెడ్డ పద్ధతి. ఉబ్బసం ఉన్న పిల్లను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఆ బోర్డు చూసే మీ దగ్గర గది తీసుకుంటారు. బోర్డు పెట్టారంటే వాళ్లకు మాట ఇచ్చినట్టే. తెలిసినవాళ్ల కోసం చాటుగా దాన్ని దాటినప్పుడు విషయం రిజిస్టరుకెక్కదు, హౌస్‌కీపింగ్‌కి తెలియదు. గదిని రోజూలాగే ఊడ్చి, తుడిచి, దుప్పట్లు మార్చి అమ్మేస్తారు. చూడ్డానికి గది శుభ్రంగానే ఉంటుంది. ఆ పాప విషయంలో జరిగింది ఇదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఎందుకంటే అలర్జీ తెచ్చేది కంటికి కనబడే వెంట్రుక కాదు. కుక్క, పిల్లి లాలాజలంలోనూ చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు అసలు కారణం. కుక్కల్లో ముఖ్యమైనదాన్ని కాన్ ఎఫ్ 1 అనీ, పిల్లుల్లో ఫెల్ డి 1 అనీ అంటారు. పిల్లి ప్రోటీన్ మరీ మొండిది. సన్నని ధూళికణాలను పట్టుకుని గంటల తరబడి గాల్లో తేలుతుంది. పరుపులో, సోఫాలో, కర్టెన్లలో దిగబడిపోతుంది. పిల్లిని ఇంట్లోంచి తీసేశాక కూడా దాని మోతాదు పిల్లిలేని ఇళ్ల స్థాయికి పడిపోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. కుక్కది కూడా ఒక్క ఊడ్పుతో పోయేది కాదు. ‘మా కుక్క జాతి అలర్జీ తెప్పించదండీ’ అని కొందరు గెస్టులు చెబుతారు. ఆ పేరున్న జాతులను పెంచే ఇళ్లలో కొలిచి చూసినప్పుడు కాన్ ఎఫ్ 1 తక్కువగా ఏమీ కనబడలేదు. ఆ మాట మీద గది ఇవ్వకండి.

అందుకే గదుల్ని విడదీయడం అన్నిటికంటే ముందుంటుంది. ఏ గదులు? కాటేజీల్లో ఒక వరుస చివర ఉన్న నాలుగు. పార్కింగ్ నుంచి రెస్టారెంటు ముందుగానీ పూల్ పక్కనుంచిగానీ పోకుండా నేరుగా నడిచి చేరగలిగే చివరను ఎంచుకోండి. రెండంతస్తుల బ్లాకు జోలికి వద్దు. మెట్ల మీద, వరండాలో ఎదురుపడడాలు, మొరిగితే పైకీ కిందికీ వినబడడం, బాల్కనీలు, ఇవన్నీ అక్కడే. ఏసీ కూడా చూసుకోండి. ఏ గదికి ఆ గది స్ప్లిట్ ఏసీ అయితే మంచిది. ఒకే డక్టు మీద పది గదులు నడుస్తుంటే, గాలి తిరిగి లాగే దారిలో ఒక గది పొట్టు పక్క గదికి చేరుతుంది. అలాంటి బ్లాకులో ‘ఈ గది మీకు, ఆ గది వాళ్లకు’ అని విడదీయడం కాగితం మీదే మిగులుతుంది.

నాలుగూ నిండిపోయిన శనివారం ఐదో గెస్టు ఫోన్ చేసినప్పుడు మీకు అసలు పరీక్ష. పక్కన ఖాళీ కాటేజీ ఉంటుంది, డబ్బు చేతికందేంత దూరంలో ఉంటుంది. ఆ రోజు ఇచ్చేస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. గది నంబర్లను బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే కట్టేయించండి. పెంపుడు జంతువు అని టిక్ పెట్టిన బుకింగు ఆ నాలుగు నంబర్లకు తప్ప వేరేదానికి పడకూడదు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్ల మొహమాటానికి ఈ పని వదలొద్దు.

గదిలోపల మార్పులు పెద్దవేం కావు. కార్పెట్ ఉంటే తీసేయండి. టైల్స్ మధ్య సందుల్లో మామూలు సిమెంట్ గ్రౌటు మూత్రాన్ని పీల్చుకుంటుంది, వాసన అక్కడే కూర్చుంటుంది. ఎపాక్సీ గ్రౌటు వేయించండి, కుదరకపోతే కనీసం సీలెంట్ పూయించండి. నేలకూ గోడకూ కలిసే అంచు, మంచం కాళ్ల దగ్గర, తలుపు మూల, మగకుక్క కాలెత్తేది ఇలాంటి నిలువు అంచుల మీదే. కింది నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు కడగగలిగే పెయింటు వేయించండి. పరుపుకూ దిండ్లకూ జిప్పున్న వాటర్‌ప్రూఫ్ కవర్లు తొడగండి. గుడ్డ సోఫా బదులు తుడవగలిగేది పెట్టండి. నేలదాకా వేలాడే కర్టెన్లకు బదులు బ్లైండ్లు నయం. వరండా కటకటాల సందు చిన్న కుక్క తల దూరేంత ఉంటే జాలీ కొట్టించండి. తలుపు తీసీ తీయగానే కుక్క బయటికి దూకి పారిపోవడం తరచుగా జరిగేదే. వరండా మెట్టు దగ్గర నడుమెత్తు గేటు ఒకటి పెట్టిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఇక శుభ్రం చేయడం. మార్కెటింగ్ వాళ్లకు ఈ పని కనబడదు, హౌస్‌కీపింగ్ వాళ్లు మాత్రం ఇదే మోయాలి. గదిలో ముందు పొడిపని, తర్వాత తడిపని. ముందే తడిగుడ్డ పెడితే వెంట్రుకలు ఉండలు కట్టి మూలలకు అంటుకుపోతాయి. హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో నేల, పరుపు అంచులు, సోఫా సందులు, కర్టెన్ మడతలు లాగించండి. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని పట్టే ఫిల్టరు. అది లేని వాక్యూమ్ సన్నని పొట్టును ముందునుంచి లాగి వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. గుడ్డకు అంటుకున్న వెంట్రుకలను రబ్బరు గ్లవ్ కాస్త తడిపి ఒకే వైపుకు దువ్వితే ఉండగా వచ్చేస్తాయి. దుప్పట్లను ఉతికే ముందు డ్రయ్యరులో వేడి లేకుండా ఓ పది నిమిషాలు తిప్పితే వెంట్రుకలు జల్లెడలో పడతాయి, వాషింగ్ మెషీన్ మూసుకుపోదు. తర్వాత 60 డిగ్రీల నీళ్లలో, మిగతా గదుల బట్టలతో కలపకుండా ఉతకాలి. ఈ నాలుగు గదుల వాక్యూమ్, మాపులు, బ్రష్షులు వేరే రంగులో పెట్టి వేరే గూట్లో ఉంచండి. అదే మాపు తీసుకుని పక్క కాటేజీలోకి వెళ్తే గదులు విడదీసిన ప్రయోజనం పోయినట్టే.

మూత్రం మరక ఎక్కువమంది తప్పు చేసే చోటు. వెంటనే ఫినాయిలో బ్లీచో పోసేస్తారు. బ్లీచు మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువులు పుట్టి కళ్లూ గొంతూ మండుతాయి. మూసిన బాత్రూములో ఇది ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనరు వాడితే కుక్కకు అదీ మూత్రం వాసనలాగే తోచి మళ్లీ అక్కడే పోస్తుంది. స్టీమ్ పెడితే వేడికి మరక, వాసన గుడ్డలో ఇంకా గట్టిగా పట్టేస్తాయి. చేయాల్సింది ఇది: పాత గుడ్డతో అద్ది పీల్చాలి, రుద్దకూడదు. చన్నీళ్లు చల్లి మళ్లీ అద్దాలి. ఆ తర్వాత పెంపుడు జంతువుల మరకలకని అమ్మే ఎంజైమ్ క్లీనరును, మూత్రం ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు దిగేలా పోయాలి. పైపైన చిలకరిస్తే అడుగున వాసన అలాగే ఉండిపోతుంది. సీసా మీద రాసినంతసేపు తడిగా వదిలేసి, అద్ది, గాలికి ఆరనివ్వాలి. ఎంజైమ్ పనిచేయడానికి సమయం కావాలి కనుక చెక్-అవుట్ అయిన గంటలో గది మళ్లీ ఇవ్వడం కుదరదు. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే పదార్థం ఉంటుంది. అది మెల్లగా విడిపోతూ గంధకపు వాసనల్ని వదులుతుంది, అందుకే మొదటి రోజు తెలియని వాసన మూడోనాటికి గుప్పుమంటుంది.

మరక ఎక్కడుందో కనబడకపోతే లైట్లార్పి అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడాలి. 365 నుంచి 395 నానోమీటర్ల మధ్యది సరిపోతుంది. ఎండిన మూత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. డిటర్జెంటు మరకలు కూడా మెరుస్తాయి గనక వాసన చూసి తేల్చుకోవాలి. ఈ టార్చ్ పని ప్రతి చెక్-అవుట్‌కీ తప్పనిసరి చేయండి. డిపాజిట్ తిరిగిచ్చాక మరక బయటపడితే అడగడానికి మొహం చెల్లదు.

ఈ మొత్తానికి మీ గదుల్లో ఎంతసేపు పడుతుందో ఎవరో చెప్పిన లెక్క మీద ఆధారపడకండి. మీ వాళ్లతోనే రెండు మూడుసార్లు చేయించి, గడియారం చూసి రాయించండి. ఛార్జీ లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.

పురుగుల సంగతి ఓనరుగారికి తప్పక చెప్పండి. ఫ్లీలు అనే గెంతే చిన్న పురుగులు కుక్క ఒంటి మీదే గుడ్లు పెట్టినా, ఆ గుడ్లు నేల మీదకు రాలిపోతాయి. వాటినుంచి వచ్చిన లార్వాలు మంచం కింద, సోఫా మడతల్లో చేరి గూడు కట్టుకుంటాయి. గూట్లో ఉన్న పురుగు నెలలపాటు కదలకుండా ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలినప్పుడు ఒక్కసారిగా బయటికొస్తుంది. మూడు వారాలు ఖాళీగా ఉన్న గదిలో దిగిన మొదటి రాత్రే గెస్టుల చీలమండల మీద దద్దుర్లు తేలడానికి కారణం ఇదే. మందు కొట్టించినా గూళ్లలోకి దిగదు గనక రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు కొత్తవి వస్తూనే ఉంటాయి. అన్ని రోజులూ గదిని అమ్మకుండా ఉంచి, రోజూ వాక్యూమ్ పట్టి, ఆ సంచిని ఆవరణ బయట పారేయాలి. పురుగుల మందు కొట్టేవాళ్లను పిలిచినప్పుడు, ఎదుగుదలను ఆపే మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ కలిసిన మందు అడగండి. పెర్మెత్రిన్ అనే పురుగుల మందు పిల్లులకు విషం. పిల్లులు దిగే గదిలో దాన్ని వాడనివ్వకండి. గోమార్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు రకం ఇంట్లోనే తన జీవితచక్రం మొత్తం నడిపేయగలదు, ఒక్కో ఆడది వేల గుడ్లు పెడుతుంది. గోడ పగుళ్లు, తలుపు చట్రం సందులు పూడ్పించి ఉంచండి.

రాకముందే ఆపగలిగితే ఇదంతా ఉండదు. బుకింగప్పుడే టీకాల కార్డు ఫొటో తెప్పించుకోండి. రేబిస్ టీకా వేసిన తేదీ కాదు, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ చూడాలి. కుక్కకు మొదటిసారి వేయించినదైతే 21 రోజులు గడిచాకే రానివ్వండి. యూరప్ దేశాల ప్రయాణ నిబంధనల్లో కూడా ఇదే గడువు. డిస్టెంపర్, పార్వో ఉన్న టీకా, లెప్టోస్పైరోసిస్, కెనెల్ కాఫ్ (కుక్కల నుంచి కుక్కలకు అంటుకునే దగ్గు) టీకాలు కూడా అడగండి. లెప్టో మూత్రం ద్వారా, నిలవనీటి ద్వారా మనుషులకూ సోకుతుంది. ఫ్లీలకూ గోమార్లకూ ఇచ్చిన మందు పేరు, తేదీ రాయించుకోండి. కొన్ని నెలరోజులే పనిచేస్తాయి, కొన్ని పన్నెండు వారాలు. నాలుగు నెలలు నిండని కుక్కపిల్లలను తీసుకోకండి. వాటికి టీకాల వరుస పూర్తి కాదు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు. ఆ అనుమానం వస్తే ముందు మలినమంతా కడిగేసి, ఒక వంతు బ్లీచుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఎదకొచ్చిన ఆడకుక్కలు వద్దు. పక్క కాటేజీలో మగకుక్క ఉంటే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

ఏ జంతువులు అన్నారు. కుక్కలతో మొదలుపెట్టండి, గదికి రెండుకు మించకుండా. పిల్లులను మొదటి ఆరు నెలలూ పక్కన పెట్టమని మా సలహా. పైన చెప్పిన ఫెల్ డి 1 ఒక కారణమైతే, కొత్తచోట పిల్లి మంచం కిందో బీరువా వెనకో దూరి దొరకకపోవడం, తలుపు సందున జారుకోవడం ఇంకో కారణం. తర్వాత తీసుకోదలిస్తే నాలుగింటిలో ఒకదాన్ని పిల్లుల గదిగా విడదీయండి. పక్షులు, కుందేళ్లు, పాముల వంటివి వద్దు. వాటి సంగతి చూసే పరిజ్ఞానం రిసార్టు సిబ్బందికి ఉండదు.

జాతుల నిషేధ జాబితా పెట్టమని మీకు చాలామంది చెబుతారు. చట్టంగానీ మీ ఇన్సూరెన్స్ షరతులుగానీ కొన్ని జాతులను కాదంటే సరే, పాటించక తప్పదు. అంతకుమించి జాబితా వల్ల భద్రత రాదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద జన్యు పరిశోధన, ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో కనబడే తేడాలో జాతి వివరించగలిగేది తొమ్మిది శాతమేనని చూపింది. బరువు పరిమితీ అంతే. గదిలో ఒంటరిగా వదిలితే రెండు గంటలు ఆపకుండా మొరిగేది ఐదు కిలోల కుక్క కూడా కావచ్చు. జాతి పేరు బదులు ఫోన్లో ఈ ప్రశ్నలడగండి: ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా, కొత్తవాళ్లు గదిలోకి వస్తే ఏం చేస్తుంది, క్రేట్‌లో (కుక్కను ఉంచే పంజరంలాంటి పెట్టెలో) పడుకోవడం అలవాటుందా, ఇంతకుముందు ఇల్లు కాని చోట ఎప్పుడైనా రాత్రి ఉందా. కరిచిందంటే వద్దని చెప్పేయండి. క్రేటు అలవాటు లేదు, బయట ఎప్పుడూ ఉండలేదు అంటే ఒక్క రాత్రికి మాత్రం ఇచ్చి చూడండి.

గదిలో కుక్కను ఒంటరిగా వదలకూడదని ప్రతి రిసార్టూ రాస్తుంది. రెస్టారెంటులోకి తేకూడదనీ రాస్తుంది. రెండూ కలిపి చదివితే, ఒంటరిగా వచ్చిన గెస్టుకు టిఫిను తినే దారి లేదు. అప్పుడేం చేస్తారు? ‘ఓ అరగంటే కదా’ అని గదిలో పెట్టి తాళం వేసుకుని వస్తారు. ఒంటరితనం తట్టుకోలేని కుక్కలు యజమాని వెళ్లిన మొదటి అరగంటలోనే ఎక్కువగా మొరుగుతాయి, తలుపు గీకుతాయి, కర్టెన్లు చింపుతాయి. అంటే మీ తలుపులు పాడయ్యేదీ పక్క కాటేజీ నుంచి ఫిర్యాదు వచ్చేదీ సరిగ్గా టిఫిను వేళకే. తప్పు గెస్టుది కాదు, నియమాలు ఒకదానికొకటి పొసగకపోవడం. రెస్టారెంటు బయటివైపు, లోపలి టేబుళ్లకు గాలివాటు తగలని చోట రెండు మూడు టేబుళ్లు కేటాయించండి. టేబుల్ కాలికి కుక్క పట్టీ (లీష్) తగిలించుకునే కొక్కెం, నీళ్ల గిన్నె పెట్టించండి. ఆహార పరిశుభ్రత నిబంధనలు ఒప్పుకోని చోటైతే ఈ నాలుగు కాటేజీలకు రూమ్ సర్వీసు ఛార్జీ తీసేయండి. క్రేటులో ఉంచి బయటికి వెళ్లేవాళ్లు ఫోన్ నంబరిచ్చి, పిలిస్తే పావుగంటలో రాగలిగేంత దూరంలోనే ఉండాలని రాయించుకోండి.

స్విమ్మింగ్ పూల్‌లోకి కుక్క వద్దు, పూల్ అంచు దాకా కూడా వద్దు. వెంట్రుకలు ఫిల్టరును మూసేస్తాయి, ఒంటి జిడ్డూ మట్టీ క్లోరిన్‌ను తినేస్తాయి, మలం అంటితే జియార్డియా లాంటి పరాన్నజీవులు నీళ్లలో చేరతాయి. పచ్చిక మీదకూడా ఎక్కడపడితే అక్కడ కాదు. కాటేజీల వెనక మూడు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవున గులకరాళ్లు పరిచి ఒక చోటు చేయండి. సంచులు, మూతున్న డబ్బా, నీళ్ల కుళాయి అక్కడే ఉండాలి. రోజుకు రెండుసార్లు తీసి కడగాలి. సంచులు రిసెప్షన్‌లో అడిగి తీసుకోమంటే ఎవరూ అడగరు. పట్టీ 1.8 మీటర్లది, సాగనిది. బటన్ నొక్కితే సాగే రకం వద్దని ముందే చెప్పండి, పిల్లల కాళ్లకు చుట్టుకుని పడేస్తుంది, కుక్క ఐదు మీటర్ల ముందుకు వెళ్లాక యజమాని చేతిలో ఏమీ ఉండదు.

మీ తోటలో ఏం పెరుగుతుందో ఒకసారి నడిచి చూడండి. గన్నేరు గుండెను ఆపగల విషం. సాగో పామ్ అని అమ్మే సైకస్ మొక్క గింజలు కాలేయాన్ని పాడుచేస్తాయి. లిల్లీలు పిల్లుల కిడ్నీలను చంపేస్తాయి. ఎలుకల మందు, నత్తలకు వాడే మెటాల్డిహైడ్ గుళికలు తింటే కుక్క బతకడం కష్టం. ఆ నాలుగు కాటేజీల చుట్టూ, నడిచే దారి పక్కన వీటిని తీసేయించండి. తాళం వేసిన ఎర పెట్టెలు తప్ప వేరేవి వాడొద్దని పెస్ట్ కంట్రోల్ వాళ్లకు చెప్పండి. ఎండవేళ బండలమీద చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలు కాలతాయి. కారులో వదిలి చెక్-ఇన్‌కి వచ్చే గెస్టుల మీద కన్నేసి ఉంచమని గేటు దగ్గరివాళ్లకు చెప్పండి. బయట 24 డిగ్రీలున్నా మూసిన కారులో పది నిమిషాల్లో 34కి చేరుతుంది. రిసార్టు పక్కన తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమో, నేలమీద గూడు కట్టే పక్షుల మైదానమో ఉంటే ఆ కాలంలో కుక్కలను అసలు తీసుకోకండి.

సిబ్బందిని అడగకుండా ఇది మొదలుపెట్టకండి. కుక్కంటే భయమున్నవాళ్లను, అలర్జీ ఉన్నవాళ్లను ఆ నాలుగు గదుల డ్యూటీ నుంచి తప్పించాలి, దానివల్ల వాళ్ల జీతంలో, షిఫ్టులో తేడా రాకూడదు. కుక్క గదిలో ఉండగా హౌస్‌కీపింగ్ లోపలికి వెళ్లదు, యజమాని పక్కనున్నా సరే. తలుపుకు ‘లోపల కుక్క ఉంది’ అనే బిళ్ల వేలాడదీయమనండి. ఎవరికైనా పన్ను గీత పడినా ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. ‘టీకా వేయించామండీ, ఏం కాదు’ అని యజమాని చెప్పినంత మాత్రాన ఆగిపోకూడదు. ఏం కాదో డాక్టరే చెప్పాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

ఛార్జీ రోజుకింత అని కాక బసకింత అని పెట్టండి. ప్రత్యేక శుభ్రత బస చివర ఒక్కసారే జరుగుతుంది. రెండు రాత్రులుండేవాళ్ల దగ్గరా ఐదు రాత్రులుండేవాళ్ల దగ్గరా మీ ఖర్చు దాదాపు ఒకటే. లెక్క ఇలా వేయండి: మీరు గడియారం చూసి రాయించిన అదనపు పనిగంటల కూలి, విడి లాండ్రీ ఖర్చు, ఎంజైమ్ క్లీనరు, కవర్లూ పెయింటూ ఏడాదికి ఒకసారి మార్చే ఖర్చును ఆ ఏడాది బసలతో భాగించిన మొత్తం. ఈ గదులకు చెక్-ఇన్ రెండు గంటలు ఆలస్యంగా పెట్టక తప్పదు, దాని నష్టం కూడా కలపండి. డిపాజిట్ దీనికి వేరు. చెక్-ఇన్‌లో గెస్టుతో కలిసి తలుపు, సోఫా, కర్టెన్ల ఫొటోలు తీసి, వెళ్లేటప్పుడు అవే చోట్ల మళ్లీ తీస్తే వాదనలుండవు. ఛార్జీ లాభం కోసం పెంచితే మాత్రం కుక్కను సంచిలో పెట్టి మామూలు గదిలోకి తెచ్చేవాళ్లు పెరుగుతారు. అలా దొరికితే ఎంత కట్టాలో బుకింగు కాగితంలోనే పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ గదిని జంతువు దిగిన గదిగానే శుభ్రం చేయించాలి.

గైడ్ డాగ్‌లాంటి సహాయ కుక్కలకు ఇవేవీ వర్తించవు. అవి పెంపుడు జంతువుల కిందికి రావు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం వాటిని రానివ్వడాన్ని హోటళ్ల బాధ్యతగా చేశాయి. అమెరికా పద్ధతిలో సిబ్బంది అడగదగినవి రెండే: వైకల్యం కారణంగా ఈ కుక్క అవసరమా, ఏ పనికి శిక్షణ పొందింది. కాగితాలు చూపమనకూడదు, ఛార్జీ వేయకూడదు, ఆ నాలుగు గదుల్లోనే ఉండమనకూడదు. మీ చట్టంలో ఎలా ఉందో న్యాయవాదిని అడిగి, రిసెప్షన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు చూపులేని గెస్టును గేటు దగ్గర ఆపడం కంటే సిగ్గుపడాల్సిన విషయం రిసార్టుకు ఉండదు.

ఓనరుగారికి ఆరు నెలల గడువు అడగండి. నెలనెలా నాలుగే అంకెలు ఆయన ముందు పెట్టండి: ఈ గదుల్లో ఎన్ని రాత్రులు నిండాయి, ఒక్కో గదికి ఎన్ని నిమిషాలు అదనంగా పట్టాయి, పక్క గెస్టుల నుంచి ఎన్ని ఫిర్యాదులు, ఎంత నష్టం డిపాజిట్‌ను దాటింది. ఫిర్యాదుల్లో ఎక్కువ మొరుగుడు మీదే అయితే గదుల సంఖ్య రెండుకు తగ్గించి, ఒకదానికీ మరోదానికీ మధ్య ఒక కాటేజీ వదలండి. ఆ వదిలిన కాటేజీని అలర్జీ ఉందని చెప్పేవాళ్లకు ఇవ్వకండి.

ఇదంతా మొదలుకాకముందే చేయాల్సిన పని ఒకటుంది. గత ఆరు నెలల్లో తెలిసినవాళ్లకంటూ ఏయే గదులిచ్చారో మీకూ రిసెప్షన్‌కూ గుర్తున్నంతవరకు రాయండి. ఆ గదులన్నిటికీ పైన చెప్పిన శుభ్రత ఒకసారి పూర్తిగా చేయించండి. పరుపు కవర్లు మార్చండి, ఏసీ ఫిల్టర్లు కడిగించండి. చివరి కుక్క దిగిన రోజు నుంచి ఆరు నెలలు నిండేదాకా ఉబ్బసం, అలర్జీ ఉందని చెప్పిన గెస్టులను ఆ నంబర్లలోకి పంపకండి. పిల్లికూతలొచ్చిన ఆ పాప తల్లిదండ్రులకు ఫోన్ చేసి, ముందురోజు ఆ గదిలో కుక్క ఉందని చెప్పండి. పాపను చూస్తున్న డాక్టరుకు ఆ వివరం పనికొస్తుంది.